ఉండు, పుస్తకం చూసొస్తా

ఆయన చనిపోయాడని ఆయన నంబరుకే ఫోన్ చేసి తెలుసుకున్నాను. ఎత్తింది ఆయన భార్య.

"ఆయన పోయి పదకొండు దినాలాయ గదమ్మా. నీకెవురూ చెప్పల్యా?" అందామె. వెనక ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

నిజం రాయాలంటే, ఆ క్షణంలో నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, విసుగు. నా ఎదురుగా రెండు తెరలూ నల్లగా చచ్చిపడి ఉన్నాయి. గది బయట రాయి నింపుకున్న లారీలు వరసకట్టి ఆగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళూ నన్ను సతాయించిన మనిషి సరిగ్గా నాకు అవసరం పడిన రోజుకు అందకుండా పోయాడు. ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాను. ఎలా పోయాడని కూడా అడగలేదు. అరగంట తర్వాత గానీ నాకు సిగ్గు వేయలేదు.

మాది బేతంచెర్లకు దగ్గర్లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. నేనక్కడ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరును. మీటర్లు, సెన్సార్లు, తెరలు, వాటి వైర్లు నా బాధ్యత. ఫ్యాక్టరీ అంతటా కొత్త కంప్యూటర్లు వచ్చినా, గని పక్కన సున్నపురాయిని పగలగొట్టే క్రషర్ దగ్గర మాత్రం రెండు పాత టెర్మినళ్ళు మిగిలిపోయాయి. క్రషర్‌తో పాటే ఎప్పుడో ఓడలో వచ్చినవి. వాటి తెరలు ఇప్పటి తెరల్లాంటివి కావు. రెండు గాజు పలకల మధ్య నియాన్ వాయువు నింపి, సన్నటి తీగలు అడ్డంగా నిలువుగా పరిచి ఉంటారు. వోల్టేజీ గట్టిగా ఇస్తే, తీగలు ఒకదాన్నొకటి దాటే చోట చుక్క వెలుగుతుంది. ఆ చుక్కలే అక్షరాలు, అంకెలు అవుతాయి. నల్లటి గాజు మీద నారింజ వెలుగు. ప్లాస్మా తెరలు అంటారు వాటిని. ఆయన మాత్రం కనకాంబరాలు అనేవాడు. "కనకాంబరాలు ఎట్లుండాయి?" అని అడిగేవాడు, ఇంట్లో పిల్లల్ని అడిగినట్టు.

క్రషర్ ఆ టెర్మినళ్ళ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. వాటిని మార్చాలంటే దాని కంట్రోల్ వ్యవస్థ మొత్తం మార్చాలి. ఏటా ఆ ప్రతిపాదన పైకి వెళ్తుంది. ఏటా "వచ్చే సంవత్సరం చూద్దాం" అని కిందికి వస్తుంది. ఈలోగా తెర ఆరిపోతే క్రషర్ ఆగుతుంది. క్రషర్ ఆగితే ట్రిప్పుల మీద బతికే డ్రైవర్లు, గనిలో కూలీలు ఆ పూట ఖాళీ చేతులతో కూర్చుంటారు. వాళ్ళు నన్ను ఒక్క మాట అనరు. కంట్రోల్ గది మెట్ల మీద కూర్చుని నా వైపు చూస్తారు. తిట్టినా బాగుండేది.

ఆయన ఐటీఐ చదివి ఈ ఫ్యాక్టరీలోనే టెక్నీషియన్‌గా చేరి, టెక్నీషియన్‌గానే రిటైరై, కడపలో ఉండేవాడు. నేను చేరేటప్పటికే వెళ్ళిపోయాడు. అయినా తెర ఆరిన ప్రతిసారీ ఎవరో ఒకరు, "పెద్దాయనకు ఫోన్ కొట్టండి మేడం" అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఇంజనీరింగ్ చదువుకుని వచ్చింది ఒక రిటైరైన మనిషికి ఫోన్ కొట్టడానికా అనిపించేది.

ఆయన్ని మొదటిసారి చూసింది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో. మరమ్మతుల కోసం క్రషర్‌ను వారం రోజులు ఆపి, గది తలుపులు మూసి, మళ్ళీ తెరిచి చూస్తే రెండు తెరలూ వెలగలేదు. నేను కరెంటు చూశాను, ఫ్యూజులు చూశాను, వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాను. అన్నీ బాగానే ఉన్నాయి, తెరలు మాత్రం నల్లగా ఉన్నాయి. మా మేనేజరు నాకు చెప్పకుండానే ఆయనకు కబురు పెట్టాడు.

మరుసటి రోజు పదకొండు గంటలకు వచ్చాడు. పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో గుడ్డ సంచి, చొక్కా జేబులో బడిపిల్లలు వాడే రబ్బరు ముక్క. ఎవరికీ నమస్కారం పెట్టలేదు. ముందు పంకా ఆపించాడు. వెనక మూత తీసి ఒక సర్క్యూట్ కార్డును సగం బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కూర రుచి చూసినట్టు కాసేపు ఆలోచించి, మళ్ళీ లోపలికి తోశాడు. గాజును ఒక్కసారి కూడా వేలితో తాకలేదు. చూపించాల్సి వస్తే చుట్టిన బస్సు టికెట్టుతో చూపించాడు.

"మద్దిలేటీ, టార్చి ఉండాదా?" అన్నాడు క్రషర్ ఆపరేటరుతో.

మద్దిలేటి టార్చి ఇచ్చాడు. ఆయన కరెంటు వేసి, టార్చి వెలుగును గాజు మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు మెల్లగా తిప్పాడు. కింద మూలలో ఒక చుక్క వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. కళ్ళ ముందే తెరంతా నారింజ అంకెలు పరుచుకున్నాయి. మద్దిలేటి గట్టిగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"టార్చి వేస్తే తెర వెలగడమేంటి?" అన్నాను.

"శానా దినాలు చీకట్లో పండుకున్న గాజమ్మా. ముసల్ది. లేయల్లంటే రవంత వెల్తురు కావాల."

"ఇది ఎక్కడుంది? ఏ మాన్యువల్లో రాశారు?"

ఆయన నా వైపు చూశాడు. తర్వాత మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కూడా జవాబు కోసమే చూస్తున్నాడు. ఆయన జేబులోంచి రబ్బరు తీసి, ఒక కార్డు అంచును తీరిగ్గా రుద్దడం మొదలుపెట్టాడు.

"పుస్తకంలో ఉండాది," అన్నాడు.

"ఏ పుస్తకం?"

"దీని పుస్తకమే. మా ఇంట్లో ఉండాది."

మేనేజరు ముఖం తేటపడింది. నాకూ ఊరట కలిగింది. పుస్తకం అంటూ ఒకటి ఉందన్నమాట! ఆ సాయంత్రమే ఇంటర్‌నెట్‌లో వెతికాను. నియాన్ వాయువు చీకట్లో అంటుకోవడానికి మొరాయిస్తుందట, వెలుగు తగిలితే సులువుగా అంటుకుంటుందట. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. దాంతో ఆ పుస్తకం మీద నా కన్ను పడింది. ఆయన మీద పడలేదు, పుస్తకం మీద పడింది.

ఆయనకు ఫోన్ చేయడం ఒక పరీక్ష. తెర ఆరిందని చెప్పగానే విషయంలోకి వచ్చే మనిషి కాదు.

"ఆడ వానొచ్చిందా?"

"లేదు సార్. తెర..."

"గాలి యాపక్క నుంచి కొడతాంది?"

"గాలి సంగతి నాకు తెలియదు సార్, తెరలు రెండూ..."

"బయిటికి పోయి చూసి చెప్పు. గది తలుపు తీసి పెట్టినారా, మూసి పెట్టినారా? నిన్న సాయంత్రం బాగుండెనా? మద్దిలేటి ఉండాడా, వేరే ఎవురన్నా ఉండారా?"

బయట లారీలు ఆగి ఉండగా నేను తలుపు దాకా పోయి గాలి ఎటు వీస్తోందో చూసి వచ్చేదాన్ని. పళ్ళు కొరుక్కుంటూ చెప్పేదాన్ని. అంతా విని, చివరికి ఆ మాట అనేవాడు.

"ఉండు, పుస్తకం చూసొస్తా."

ఫోను ఎక్కడో బల్ల మీద పెట్టిన చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత ఐదు నిమిషాలు, ఒక్కోసారి పది నిమిషాలు, కుక్కరు ఈలలు, వీధిలో కూరగాయల బండి అరుపులు వింటూ నేను కాచుకుని ఉండాలి. మళ్ళీ తలుపు తెరిచిన చప్పుడు.

"రాసుకో. ఎడమ నుంచి మూడో కార్డు. దాని కాళ్ళకు రబ్బరు పెట్టి రుద్దు. తడిగుడ్డ పెట్టొద్దు."

ఇంకోసారి: "పెద్ద డబ్బా తలకాయ ఉబ్బింటాది చూడు. కరెంటు ఆపినంక పది నిమిషాలాగి చెయ్యి పెట్టు. లేకుంటే కొడతాది." ఆయన డబ్బా అనేది కెపాసిటర్‌ను.

మరోసారి: "వోల్టు రవంత పెంచు. ఎక్కువ పెంచితే అన్ని చుక్కలూ ఒకేసారి వెలుగుతాయి. ఇంగ ఆరవు."

ఒక్కసారి కూడా తప్పు కాలేదు. ప్రతిసారీ నేను, "ఏ పేజీ సార్?" అని అడిగేదాన్ని. "పేజీతో నీకు పనేముండాది?" అని ఫోన్ కట్ చేసేవాడు. ఉంటానమ్మా అనడం ఆయనకు అలవాటు లేదు.

ఆ పుస్తకం ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని నేను చేయని ప్రయత్నం లేదు. తయారు చేసిన కంపెనీ మూతపడింది. దాన్ని కొన్న కంపెనీకి రాస్తే, ఆ విభాగాన్ని ఇంకొకరికి అమ్మేశామన్నారు. ఆ ఇంకొకరికి రాస్తే, అసలు మేమలాంటివి ఎప్పుడూ చేయలేదన్నారు. పాత కంప్యూటర్లంటే పడిచచ్చేవాళ్ళు ఇంటర్‌నెట్‌లో గుంపులుగా ఉంటారు. వాళ్ళను పట్టుకుని నెలల తరబడి వేడుకుంటే, ఏదో దేశంలోని ఒక ముసలాయన మా టెర్మినల్‌కు తోబుట్టువులాంటి మోడల్ పుస్తకాన్ని స్కాన్ చేసి పంపాడు. వెంటనే తెరిచాను. అట్ట ఉంది. విషయసూచిక ఉంది. పెట్టెను తలకిందులుగా పెట్టరాదని ఆరు భాషల్లో హెచ్చరిక ఉంది. గాజు తుడిచే విధానం ఉంది. ఆ తర్వాత చివరి అట్ట ఉంది. మధ్య పేజీలు చెమ్మకు అంటుకుపోయాయని, విడదీస్తే చిరిగాయని పంపినాయన బాధపడుతూ రాశాడు. విషయసూచికను బట్టి నాకు కావలసిన అధ్యాయం ఏ పేజీలో మొదలై ఏ పేజీలో ముగుస్తుందో కచ్చితంగా తెలిసిపోయింది. ఆ పేజీలు మాత్రం లేవు. ఆ విషయసూచికను ప్రింటు తీసి నా బల్ల ముందు అంటించుకున్నాను. ఎందుకు అంటించానో నాకే తెలియదు. రోజూ దాన్ని చూసి కోపం తెచ్చుకోవడానికేమో.

మొత్తం పుస్తకం కడపలో ఒక గదిలో ఉంది గదా అన్న ఆలోచన నన్ను నిలవనిచ్చేది కాదు. ఒక ఆదివారం బయలుదేరాను. నంద్యాలలో బస్సు మారి, మైదుకూరు మీదుగా కడప చేరి, సందులు అడుగుతూ ఆయన ఇల్లు పట్టుకున్నాను. ఆయన భార్య బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది. తిన్నాక నేను మెల్లగా విషయం కదిలించాను.

"ఒక్క గంట చాలు సార్. ఫోన్‌తో ఫోటోలు తీసుకుని పోతాను."

"అది కుదరదమ్మా."

"పోనీ జిరాక్సు? మీరే పక్కనుండి తీయించండి."

"కుదరదు."

"ఒక్కసారి చూపించండి. ముట్టుకోను."

"నీకేం కావాల్నో అడుగు. నేను చూసొచ్చి చెప్తా."

పరీక్ష పెడదామని నాలుగు ప్రశ్నలు అడిగాను. ప్రతి ప్రశ్నకూ ఆయన లేచి, పక్క గదిలోకి పోయి, తలుపు మూసుకుని, కాసేపటికి వచ్చి జవాబు చెప్పాడు. వచ్చినప్పుడల్లా మీసం తడిగా ఉండేది. నాలుగోసారి నేను కుర్చీలోంచి లేచి గది వైపు రెండడుగులు వేశాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "కూర్చోమ్మా, వస్తాడులే," అంది. ఆమె మొహంలో ఏదో ఉంది. నేను దాన్ని పిసినారితనం అనుకున్నాను. భర్తకు తగ్గ భార్య అనుకున్నాను.

నాలుగు జవాబులతో, పగిలిపోతున్న తలతో తిరుగు బస్సెక్కాను. మైదుకూరు దాటేలోపు ఒక నిర్ణయానికి వచ్చాను. ఈయన స్వార్థపరుడు. రిటైరైనా జనం తన చుట్టూ తిరగాలని ఫ్యాక్టరీ ఆస్తిని ఇంట్లో దాచుకున్నాడు.

ఆ మాటే మేనేజరుతో చెప్పాను. "అయితే నోటీసు పంపుదాం, రాయండి," అన్నాడాయన. నేనే రాశాను. సంస్థకు చెందిన సాంకేతిక గ్రంథం మీ వద్ద ఉన్నట్టు తెలియవచ్చింది, పదిహేను రోజుల్లో అప్పగించని పక్షంలో చట్టపరమైన చర్య తీసుకోబడును. చివర ఒక వాక్యం కలిపాను: "మీరు ఇచ్చే మౌఖిక సమాచారం సంస్థకు ఆమోదయోగ్యం కాదు." ఆ వాక్యం బాగా కుదిరిందని ఆ రోజు నాకు గర్వంగా ఉండింది.

గడువు ముగియకముందే ఆయన వచ్చాడు. గేటు దగ్గరి సెక్యూరిటీ నాకు ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే ఎండలో నిలబడి ఉన్నాడు. పాత పరిచయం కొద్దీ సెక్యూరిటీ వాళ్ళు కుర్చీ వేశారు గానీ ఆయన కూర్చోలేదు. చేతిలో సంచి లేదు. నోటీసు నాలుగు మడతలుగా జేబులో ఉంది.

"నన్ను దొంగంటాండావా ఇంజినీరమ్మా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

"అట్లా ఎవరన్నారు సార్? పుస్తకం ఇవ్వమన్నాం, అంతే."

"పుస్తకం ఇయ్యలేను. ఇట్ల చేద్దాం. నువ్వొగ నోటు పుస్తకం తెచ్చుకో. ఈడనే కూర్చుంటా. మొదుట్నుంచి చెప్తా. యా కార్డు ఏమి చేస్తాది, యా తీగ యాడికి పోతాది, అంతా. వారమైనా పర్వాల్యా. దినామూ బస్సుకొస్తా."

ఆ రోజు నాకు పదకొండున్నరకు మీటింగు ఉంది. గడియారం చూసుకున్నాను.

"నాకు మీరు చెప్పేది వద్దు సార్. పుస్తకం కావాలి. రేపు మీరు లేకపోతే మేమేం చెయ్యాలి?"

"దానికే గదమ్మా చెప్తానంటాండేది," అన్నాడు.

నాకు ఆ మాట ఎక్కలేదు. మొండివాడు, మాటకు మాట చెప్తున్నాడు అనుకున్నాను. "పుస్తకం తెచ్చిన రోజు రండి," అని వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశాక, నంద్యాల బస్సు ఎన్ని గంటలకని ఆయన సెక్యూరిటీని అడగడం వినిపించింది. అది నేను విన్న ఆయన ఆఖరి మాట.

ఆ తర్వాత మేనేజరు బదిలీ అయ్యాడు. నోటీసు ఫైల్లో పడి ఉండిపోయింది. కొన్ని నెలలు తెరలు బుద్ధిగా వెలిగాయి. నేను ఫోన్ చేయలేదు. పౌరుషం ఒకటుంది గదా. ఇక తప్పదనుకుని చేసిన రోజున ఆ పదకొండు దినాల సంగతి తెలిసింది.

రెండు రోజులు నాకు తెలిసినవన్నీ చేసి చూసినా తెరలు వెలగకపోయేసరికి కడప వెళ్ళాను. పరామర్శకు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె నన్ను చూడగానే, "పుస్తకానికొచ్చినావా?" అంది. కోపంగా అనలేదు. మంచినీళ్ళు కావాలా అన్నట్టు అడిగింది. తల ఊపాను. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

ఆ గది తలుపు తనే బార్లా తెరిచింది. "చూసుకో," అంది.

ఒక మంచం. మూలన నీళ్ళ కుండ, దాని మీద చెంబు. గోడకు క్యాలెండరు. మంచం కింద ఒక చెక్క పెట్టె. ఆమె అనుమతితో పెట్టె తెరిచాను. టార్చి, వైరు ముక్కలు, కాలిపోయిన భాగాలు కాగితాల్లో చుట్టినవి, అరిగిపోయిన రబ్బర్లు దోసెడు. అడుగున ఒక చిన్న పుస్తకం తగిలింది. బయటికి తీసి చూస్తే వెట్ గ్రైండర్ గ్యారంటీ పుస్తకం. పరుపెత్తి చూశాను. ఏమీ లేదు.

"అమ్మా, పుస్తకం?" అన్నాను.

"యా పుస్తకమ్మా? మిషన్లు బిగించేదానికొచ్చిన దొర పుస్తకాన్ని వాని పెట్టెలో పెట్టుకోని పోయినాడంట అప్పుడే. ఈయన దాని అట్ట కూడా చూడల్యా."

"మరి ఈ గదిలోకి వచ్చి..."

"వచ్చి మంచం మింద కూర్చుంటాండె. కండ్లు మూసుకుంటాండె. చెంబు నీళ్ళు తాగుతాండె. మల్లా బయిటికి పోయి నీకు చెప్తాండె." ఆమె నవ్వబోయి ఆగింది. "చేరిన కొత్తల్లో ఒగ ఇంజినీరు సారుకు చెప్పినాడంట, ఆ వోల్టు పెట్టొద్దు సార్, కాలిపోతాదని. నువ్వెవురు చెప్పేదానికి, యా పుస్తకంలో ఉండాది అని అడిగినాడంట ఆ సారు. పెట్టినాడు. కాలిపాయ. తప్పు ఈయన మింద పడె. అప్పుట్నుంచీ ఏమడిగినా పుస్తకంలో ఉండాదనే చెప్తాండె. అట్ల చెప్తే ఎవురూ మారు మాట్లాడరంట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నగుతాండె."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. "నోటీసు వచ్చినప్పుడు?" అన్నాను.

"ఆ దినం నగల్యా. ల్యాని పుస్తకం యాడ్నుంచి తెచ్చియ్యల్ల అన్యాడు. ఉన్న మాట చెప్పేసి రాపో అంటి. పుస్తకమే ల్యాదంటే ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఉత్తదే అనుకుంటారే, అన్యాడు."

ఆమె నాకు టీ ఇచ్చింది. తాగి లేచాను. ఆయన మీద నాకు అప్పటికీ కోపమే. ఆ రోజు గేటు దగ్గర ఒక్క ముక్క, పుస్తకం లేదమ్మా అంతా నా తలలోనే ఉంది అని చెప్పి ఉంటే ఏం పోయేది? బస్సులో ఆళ్ళగడ్డ దాకా ఈ ప్రశ్నే అడుగుతూ కూర్చున్నాను. చెప్పి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలుసు. మౌఖిక సమాచారం గురించి రాసిన వాక్యం నాదే కదా.

ఫ్యాక్టరీకి వచ్చి నా డ్యూటీ డైరీలన్నీ బయటికి తీశాను. ఫోన్‌లో ఆయన చెప్పినవన్నీ వాటి వెనక పేజీల్లో గిలికి ఉన్నాయి. మూడో కార్డు రుద్దాలి. వోల్టు పెంచాలి. డబ్బా మార్చాలి. ఏరి రాస్తే ఇరవై దాకా తేలాయి. తీరా చూస్తే ఒక్కటీ అక్కరకు రాదు. తెర ఆరిన రోజున వాన కురిసిందా, గాలి ఏ పక్క నుంచి వీచింది, తలుపు తీసి ఉందా, ముందు రోజు ఎలా ఉంది, ఇవేవీ నేను రాసుకోలేదు. ముసలాయన చాదస్తం అనుకుని వదిలేశాను. ఏ జవాబు ఏ రోజుకు సరిపోతుందో తేల్చేవి ఆ ప్రశ్నలే. జవాబులన్నీ నా దగ్గరున్నాయి, అవి దేనికి జవాబులో మాత్రం తెలియదు. డైరీని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టాను కూడా. మద్దిలేటి దాన్ని తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టాడు.

"పెద్దాయన నాకు కొన్ని చెప్పినాడు మేడం," అన్నాడు.

"ఏం చెప్పాడు?"

"డ్యూటీలో ఉండేటప్పుడు సార్లు వచ్చేదాకా ఈడ్నే కూర్చుంటాండె గదా. అదీ ఇదీ చెప్తాండె. పడమటి గాలి తడిగా కొట్టిన దినం వెనక కార్డు చెమ్మ పట్టుకుంటాదని, దాన్ని పీకి ఎండకు పెట్టల్లని. ఇట్లాంటివే."

"ఇన్నేళ్ళలో నువ్వు నాకొక్కసారీ చెప్పలేదేం?"

"మీరడగల్యా గదా మేడం."

ఆ వెనక కార్డు పీకి, గని వైపు గట్టు మీద కాగితం పరిచి, మధ్యాహ్నం దాకా ఎండకు పెట్టాం. మళ్ళీ బిగించి కరెంటు వేస్తే ఒక తెర వెలిగింది. అయితే ఎడమ పక్క మూడో వంతు చీకటిగానే ఉండిపోయింది. రెండో తెర ఇప్పటి వరకూ వెలగలేదు. దానికి ఏం చెయ్యాలో చెప్పగలిగిన మనిషి లేడు. క్రషర్ ఆ ఒక్క ముక్క తెరతోనే నడుస్తోంది. ఎడమ పక్క కనపడని అంకెలు మద్దిలేటి క్రషర్ చప్పుడును బట్టి చెప్తాడు. మీటరు పెట్టి సరిచూశాను, చాలాసార్లు సరిగ్గా ఉంటుంది. ఎలా చెప్తున్నావని అడిగితే మొదట సిగ్గుపడ్డాడు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అతను చెప్తుంటే నేను రాసుకుంటున్నాను. గాలి ఎటు వీచిందో కూడా రాస్తున్నాను.

ఆయన చెప్పినవన్నీ కలిపి హెడ్డాఫీసుకు పంపాను. మరమ్మతు పద్ధతులు పంపడానికి వాళ్ళదొక ఫారం ఉంది. చివరి గడిలో "ఆధారం: మాన్యువల్ పేరు, పేజీ సంఖ్య" అని ఉంటుంది. ప్రతి పద్ధతికీ ఆ గడిలో ఆయన పూర్తి పేరు, పక్కన టెక్నీషియన్ అని రాశాను. వారానికి తిరిగొచ్చింది. వ్యక్తుల పేర్లు ఆధారంగా చెల్లవు, మాన్యువల్ పేరు రాయండి అన్నారు. మళ్ళీ అదే రాసి పంపాను. మళ్ళీ తిరిగొచ్చింది.

కొత్త మేనేజరు మంచివాడు. నా అవస్థ చూసి నవ్వాడు. "ఎందుకు మేడం ఇంత పట్టుదల? ఏదో ఒక పుస్తకం పేరు రాసి పడెయ్యండి. ఎవరు తెరిచి చూడొచ్చారు?"

నిజమే, ఒక్క నిమిషం పని. ఆ తోబుట్టువు మోడల్ పేరు రాసి, విషయసూచికలోని పేజీ సంఖ్య వేస్తే ఎవరూ ప్రశ్నించరు. కలం చేతిలోనే ఉంది.

మూడోసారీ ఆయన పేరే రాశాను. వెనక కార్డు సంగతి దగ్గర, కింద మద్దిలేటి పేరు కూడా చేర్చాను. పంపి పది రోజులైంది. ఇంకా తిరిగి రాలేదు.